రైతులు ఎవరిని అడుగుతారు? ఆర్ భాషలో సామాజిక నెట్‌వర్క్ విశ్లేషణ: ఒక సేద్య శాస్త్రజ్ఞుని అభ్యాసం

సుమారు పదిహేను సంవత్సరాల క్రితం ఒక కాలువ ఆయకట్టు గ్రామంలో, దమ్ము చేసిన పొలంలో డ్రమ్ సీడరుతో వరి విత్తే పద్ధతిపై వరుసగా మూడు ఖరీఫ్ పంటకాలాలు ప్రదర్శన క్షేత్రం నిర్వహించాము. అందుకు ఎంపిక చేసిన రైతు చదువుకున్నవారు, ఊరిలో గౌరవం ఉన్నవారు. వారి పొలం రోడ్డు పక్కనే ఉంది. పంట బాగా వచ్చింది. ప్రతి సంవత్సరం క్షేత్ర దినోత్సవానికి రైతులు వచ్చారు, చూశారు, సంతకాలు చేసి వెళ్లారు. నాలుగో సంవత్సరం ఆ గ్రామంలో డ్రమ్ సీడరు వాడినది ఆ ఒక్క రైతే. ముగింపు నివేదికలో "రైతులలో అవగాహన కొరవడింది" అని రాశాను.

కొన్నేళ్ల తర్వాత మరో పని మీద అదే గ్రామానికి వెళ్లినప్పుడు, కలుపు మందుల విషయంలో ఎవరిని సంప్రదిస్తారని కొందరు రైతులను యథాలాపంగా అడిగాను. ఎక్కువ మంది చెప్పిన పేరు స్ప్రేయర్లు, ఆయిల్ ఇంజన్లు బాగుచేసే ఒక కౌలు రైతుది. మరమ్మతుకు వచ్చినవారందరి పొలాల సంగతులు ఆయనకు తెలుసు. ఆయన మాట కాలువ అవతలి శివారు పల్లెకు కూడా చేరుతుంది. డ్రమ్ సీడరు గురించి అడిగితే, "మడి చదునుగా లేకపోతే కలుపు మీదపడుద్దండీ. నాట్లకు మిగిలిన కూలి కలుపుకే పోద్ది" అన్నారు. అది శాస్త్రీయంగా సరైన అభ్యంతరం. దానికి మా వద్ద సమాధానం ఉంది. కానీ మూడేళ్లలో మేము ఆయనతో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. అవగాహన కొరవడినది రైతులకు కాదు, నాకే.

ఈ అనుభవమే యాభై ఏళ్లు దాటిన తర్వాత నన్ను సామాజిక నెట్‌వర్క్ విశ్లేషణ వైపు, దాని కోసం ఆర్ గణాంక భాష వైపు నడిపించింది. ఈ రంగంలో నేను నిపుణుడిని కాను. సేద్య విభాగంలో పనిచేస్తూ నేర్చుకున్న విషయాలను, చేసిన పొరపాట్లను విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు ఉపయోగపడతాయనే ఉద్దేశంతో ఇక్కడ వివరిస్తున్నాను.

సరిహద్దు వరుసల నుంచి సంబంధాల వరకు

సేద్య శాస్త్రంలో మనకు మొదట నేర్పే జాగ్రత్తలలో సరిహద్దు వరుసలు ఒకటి. ఒక మడికి వేసిన నత్రజని పక్క మడిలోకి చేరకూడదు, ఒక చికిత్స ప్రభావం మరొక చికిత్సపై పడకూడదు. అందుకే గట్లు వేస్తాం, అంచు వరుసలను దిగుబడి లెక్కలోంచి తీసివేస్తాం. పరిశీలనలు ఒకదానిపై ఒకటి ఆధారపడవు అనే భావన మీదే మన విచలన విశ్లేషణ నిలబడి ఉంది.

విస్తరణ పరిశోధనలోనూ ఇదే అలవాటు కొనసాగింది. నూటఇరవై మంది రైతులను ఎంపిక చేసి వయస్సు, విద్య, భూకమతం, ప్రసార మాధ్యమాల వినియోగం నమోదు చేసి, వాటికి, సాంకేతికత ఆచరణకు మధ్య సహసంబంధం లెక్కిస్తాం. ప్రతి రైతు ఒక వరుస. ఆ వరుసలోని రైతు పక్క వరుసలోని రైతుకు బావమరిది అయినా, ఇద్దరూ ఒకే బోరు కింద సాగు చేస్తున్నా మన పట్టికకు తెలియదు. ప్రయోగ క్షేత్రంలో ఒక మడి నుంచి మరొక మడికి పాకేదాన్ని మనం దోషంగా భావించి తొలగిస్తాం. సామాజిక నెట్‌వర్క్ విశ్లేషణలో సరిగ్గా దాన్నే కొలుస్తాం. నాకు ఈ శాస్త్రం అర్థమైనది ఈ పోలిక ద్వారానే.

రైతు నుంచి రైతుకు చేరే సమాచారం మన దేశంలో ఎంత ముఖ్యమో గణాంకాలు చాలా కాలం క్రితమే సూచించాయి. 2003లో జాతీయ నమూనా సర్వే సంస్థ 59వ విడతలో జరిపిన రైతు కుటుంబాల సర్వే ప్రకారం, ఆధునిక సాంకేతిక సమాచారాన్ని ఏదో ఒక మార్గం ద్వారా పొందిన కుటుంబాలు దాదాపు 40 శాతం మాత్రమే. ఇతర అభ్యుదయ రైతుల ద్వారా పొందినవారు 16.7 శాతం, ఎరువులు, పురుగుమందుల డీలర్ల ద్వారా పొందినవారు 13.1 శాతం కాగా, విస్తరణ కార్యకర్తల ద్వారా పొందినవారు 5.7 శాతం. ఆ 16.7 శాతం వెనుక ఉన్నది ఏ రైతు, ఆయనను అడిగినది ఎవరు అన్నది ఇటువంటి సర్వేలు చెప్పలేవు.

పూర్వ పరిశోధనలు

వ్యక్తులను బిందువులుగా, వారి మధ్య సంబంధాలను గీతలుగా గీసి చూపే పద్ధతిని మనోవైద్యుడు జేకబ్ మొరీనో 1934లో ప్రచురించిన గ్రంథంతో ప్రచారంలోకి తెచ్చారు. ఆ చిత్రాలకు సోషియోగ్రామ్ అని పేరు. వ్యవసాయ రంగానికి వస్తే, అమెరికాలోని అయోవా రాష్ట్రంలో హైబ్రిడ్ మొక్కజొన్న వ్యాప్తిపై బ్రైస్ ర్యాన్, నీల్ గ్రాస్ 1943లో ప్రచురించిన అధ్యయనం విస్తరణ విద్యార్థులందరికీ పరిచితమే. వారు పరిశీలించిన 259 మంది రైతులలో ఇద్దరు తప్ప అందరూ 1928, 1941 సంవత్సరాల మధ్య ఆ విత్తనానికి మారారు. కొత్త విత్తనం గురించి ఎక్కువ మంది మొదట విన్నది విత్తన కంపెనీల ప్రతినిధుల ద్వారా. వేయాలన్న నిర్ణయంలో ఎక్కువ ప్రభావం చూపినది మాత్రం పొరుగు రైతులు.

అయితే ఏ పొరుగు రైతు అన్న ప్రశ్నను ఆ పరిశోధకులు అడగలేదు. ఈ లోపాన్ని తర్వాత ఎవరెట్ రోజర్స్ ప్రత్యేకంగా ప్రస్తావించారు. 1962లో ఆవిష్కరణల వ్యాప్తిపై గ్రంథం వెలువరించిన రోజర్స్ స్వయంగా అయోవా రైతు బిడ్డ. పొరుగువారి ప్రభావం ఉందని చెప్పడం ఒక ఫలితం. ఆ పొరుగువారు ఎవరో పేరుతో సహా నమోదు చేయడం మరొక పద్ధతి. ఈ రెండింటి మధ్య దూరమే మనం నేర్చుకోవలసిన శాస్త్రం.

ఇటీవలి పరిశోధనలలో మూడు మనకు సన్నిహితమైనవి. మొదటిది పొరుగు రాష్ట్రమైన కర్ణాటకలో 75 గ్రామాలలో అభిజిత్ బెనర్జీ, అరుణ్ చంద్రశేఖర్, ఎస్తేర్ డుఫ్లో, మాథ్యూ జాక్సన్ జరిపిన అధ్యయనం. ఎవరి ఇంటికి వెళతారు, బియ్యం, కిరోసిన్ ఎవరి దగ్గర బదులు తెచ్చుకుంటారు, ఎవరి సలహా తీసుకుంటారు వంటి పన్నెండు రకాల సంబంధాలను వారు నమోదు చేశారు. అందులో 43 గ్రామాలలో సూక్ష్మరుణ సంస్థ ప్రవేశించినప్పుడు, మొదట సమాచారం అందుకున్నవారు నెట్‌వర్క్‌లో ఎంత కేంద్ర స్థానంలో ఉంటే ఆ గ్రామంలో చేరినవారి సంఖ్య అంత ఎక్కువగా ఉన్నట్లు 2013లో ప్రచురించారు. ఈ సమాచార నిధి అందరికీ అందుబాటులో ఉంది. సాధన కోసం విద్యార్థులు దానిని వాడుకోవచ్చు.

రెండవది ఘనా దేశంలో అనాస సాగుపై టిమొతీ కాన్లీ, క్రిస్టఫర్ ఉడ్రీ 2010లో ప్రచురించిన పరిశోధన. తమకు సమాచారం ఇచ్చే రైతులలో ఎవరికి ఊహించినదానికంటే ఎక్కువ లాభం వస్తే, వారు వేసిన ఎరువుల మోతాదు వైపు ఇతర రైతులు తమ మోతాదును మార్చుకుంటున్నట్లు అందులో తేలింది. మూడవది మలావీలో 200 గ్రామాలలో గుంత పద్ధతి సేద్యంపై జరిగి 2021లో వెలువడిన అధ్యయనం. చాలామంది రైతులు ఒక్కరి మాట విని కొత్త పద్ధతికి మారరని, ఒకరికంటే ఎక్కువ మంది నుంచి తెలుసుకున్న తర్వాతే మారతారని అది సూచించింది. గ్రామానికి ఒకే ప్రదర్శన రైతును ఎంచుకునే మన అలవాటును పునఃపరిశీలించవలసిన అవసరాన్ని ఈ ఫలితం గుర్తుచేస్తుంది.

మూల భావనలు: పది మంది రైతుల ఉదాహరణ

కంప్యూటరు ముందు కూర్చునే ముందు ఒక కాగితం, పెన్సిలు తీసుకోవలసిందిగా నా విద్యార్థులకు చెబుతాను. డేవిడ్ క్రాక్‌హార్ట్ 1990లో ప్రతిపాదించిన పది బిందువుల చిత్రం ఈ అభ్యాసానికి ఎంతో అనుకూలం. గీసినప్పుడు గాలిపటంలా కనిపిస్తుంది కాబట్టి దానికి గాలిపటం చిత్రమనే పేరు వచ్చింది. ఆ పది బిందువులను పది మంది రైతులుగా ఊహించుకుందాం. వారి మధ్య పద్దెనిమిది లంకెలు ఇవి: 1–2, 1–3, 1–4, 1–6, 2–4, 2–5, 2–7, 3–4, 3–6, 4–5, 4–6, 4–7, 5–7, 6–7, 6–8, 7–8, 8–9, 9–10.

పది మంది మధ్య సాధ్యమయ్యే లంకెలు 45. అందులో 18 ఉన్నాయి కాబట్టి ఈ నెట్‌వర్క్ సాంద్రత 0.4. ఇక ముఖ్యమైన రైతు ఎవరు అన్న ప్రశ్నకు మూడు వేర్వేరు సమాధానాలు వస్తాయి.

లంకెల సంఖ్య: ఒక రైతుకు నేరుగా ఎంతమందితో సంబంధం ఉన్నదో ఇది చెబుతుంది. 4వ రైతుకు ఆరు లంకెలు ఉన్నాయి, అందరికంటే ఎక్కువ. సమావేశం పెడితే ముందు వరుసలో కనిపించే వ్యక్తి ఈయనే. మనం సాధారణంగా ఎంపిక చేసేది ఈయననే.

సామీప్యం: ఒక రైతు నుంచి మిగిలిన అందరికీ చేరడానికి సగటున ఎన్ని అంచెలు పడతాయో ఇది కొలుస్తుంది. ఇక్కడ 6, 7వ రైతులు ముందున్నారు. వారి నుంచి మిగిలిన తొమ్మిది మందికి ఉన్న దూరాల మొత్తం 14. 4వ రైతు విషయంలో అది 15.

మధ్యవర్తిత్వం: మిగిలిన రైతులలో ఏ ఇద్దరి మధ్యనైనా అతి తక్కువ అంచెల దారి ఒక వ్యక్తి మీదుగా ఎంత తరచుగా పోతుందో ఇది చెబుతుంది. ఈ కొలతను లింటన్ ఫ్రీమన్ 1977లో నిర్వచించారు. 8వ రైతుకు ఉన్నవి మూడు లంకెలే, కానీ మధ్యవర్తిత్వంలో 14 విలువతో ఆయనే మొదటి స్థానంలో ఉన్నారు. ఆరు లంకెలు ఉన్న 4వ రైతు విలువ 3.67 మాత్రమే.

ఇప్పుడు కాగితంపై 4వ రైతును చెరిపివేయండి. మిగిలిన తొమ్మిది మంది ఇంకా కలిసే ఉంటారు. సమాచారం మరో దారి వెతుక్కుంటుంది. 4వ రైతును తిరిగి గీసి, 8వ రైతును చెరిపివేయండి. 9, 10వ రైతులు ఊరి నుంచి తెగిపోతారు. ఆ ఇద్దరూ కాలువ అవతలి శివారు పల్లెవారని అనుకుంటే, వారికి కొత్త రకం వరి వంగడం గురించి చెప్పగలిగేది 8వ రైతు ఒక్కరే. నేను మూడేళ్లపాటు మాట్లాడని ఆ కౌలు రైతు ఇటువంటి స్థానంలో ఉన్నారని ఈ చిత్రం గీసిన రోజున గ్రహించాను.

ఆర్ భాషలో తొలి అడుగులు

ఆర్ భాషను న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ రూపొందించారు. దాని పూర్తిస్థాయి తొలి రూపం 2000లో విడుదలైంది. ఇది ఉచితం. మామూలు ల్యాప్‌టాప్‌లో ఒక గ్రామ సమాచారాన్ని విశ్లేషించడానికి సరిపోతుంది. రాసిన ఆదేశాలన్నీ ఒక ఫైలులో నిలిచి ఉంటాయి కాబట్టి, మనం ఏం చేశామో రెండేళ్ల తర్వాత కూడా మరొకరు తిరిగి చేసి సరిచూడవచ్చు. మౌస్‌తో బొత్తాలు నొక్కే సాఫ్ట్‌వేర్ కంటే నేర్చుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది; పరిశోధనకు మాత్రం ఈ గుణం ఎంతో విలువైనది.

నెట్‌వర్క్ విశ్లేషణకు ఆర్‌లో రెండు ప్రధాన మార్గాలు ఉన్నాయి. ఒకటి ఐగ్రాఫ్ ప్యాకేజీ. రెండవది స్టాట్‌నెట్ ప్యాకేజీల సముదాయం. కొలతలు, చిత్రాలు నేర్చుకోవడానికి ఐగ్రాఫ్‌తో, గణాంక నమూనాలకు వచ్చేసరికి స్టాట్‌నెట్‌తో పనిచేయడం సులువు. రెండింటిలోనూ డిగ్రీ, బిట్వీన్‌నెస్ అనే ఒకే పేర్లతో ఆదేశాలు ఉన్నందువల్ల, రెండింటినీ ఒకేసారి తెరిస్తే ఏ ప్యాకేజీ ఆదేశం నడుస్తున్నదో తెలియక తికమక ఏర్పడుతుంది. ప్రారంభంలో ఒకే ప్యాకేజీ తెరవడం మంచిది.

సమాచారాన్ని రెండు పట్టికలుగా సిద్ధం చేసుకోవాలి. మొదటిది లంకెల పట్టిక: మొదటి నిలువు వరుసలో అడిగిన రైతు సంకేత సంఖ్య, రెండవ దానిలో ఆయన పేర్కొన్న రైతు సంకేత సంఖ్య. రెండవది రైతుల పట్టిక: ప్రతి రైతు సంకేత సంఖ్య, వయస్సు, భూకమతం, సొంత సాగా కౌలా, కొత్త పద్ధతి ఆచరించారా లేదా. ఈ రెండు పట్టికలను గ్రాఫ్ ఫ్రమ్ డేటా ఫ్రేమ్ అనే ఆదేశానికి ఇస్తే నెట్‌వర్క్ తయారవుతుంది. డిగ్రీ, క్లోజ్‌నెస్, బిట్వీన్‌నెస్ ఆదేశాలు పైన చెప్పిన మూడు కొలతలను ఇస్తాయి. ప్లాట్ ఆదేశం చిత్రాన్ని గీస్తుంది. గాలిపటం లంకెలను ఈ విధంగా ఎక్కించి, చేతితో లెక్కించిన విలువలతో పోల్చి చూడటం తొలి అభ్యాసంగా సూచిస్తాను.

ఒక విషయం గుర్తుంచుకోవాలి. చిత్రంలో ఒక రైతు మధ్యలో, మరొకరు అంచున కనిపించడం గీసే పద్ధతిని బట్టి మారుతుంది. అదే సమాచారాన్ని రెండోసారి గీస్తే స్థానాలు తారుమారు కావచ్చు. చిత్రం చూసి నిర్ధారణకు రాకూడదు. కొలతలు చూసి రావాలి. నివేదికలో ప్రతిసారీ ఒకే చిత్రం రావాలంటే గీయడానికి ముందు సెట్ సీడ్ ఆదేశంతో ఒక సంఖ్యను స్థిరపరచుకోవాలి.

నేను చేసిన మూడు పొరపాట్లు

మొదటిది పేర్ల పొరపాటు. సంకేత సంఖ్యలకు బదులు రైతుల పేర్లనే తెలుగులో టైపు చేశాను. వెంకటేశ్వర్లు, వెంకటేశ్వరరావు, పెద్ద వెంకన్న అని ముగ్గురు వేర్వేరు రైతులుగా నమోదైనవారు నిజానికి ఒక్కరే. శ్రీనివాసరావు అని ఒక్కరుగా నమోదైనవారు ఇంటిపేర్లు వేరైన ఇద్దరు. పేరు చివర ఒక ఖాళీ ఉన్నా, అక్షరాల మధ్య కంటికి కనబడని విడదీత గుర్తు ఉన్నా ఆర్ దానిని కొత్త వ్యక్తిగా పరిగణిస్తుంది. అందరూ సంప్రదించే రైతు ఈ విధంగా మూడు ముక్కలై, మూడు చోట్లా సాధారణ రైతుగా కనిపించారు. ఇంటి నంబరు ఆధారంగా సంకేత సంఖ్యలు ఇవ్వడమే దీనికి పరిష్కారం. రైతుల పట్టికలో లేని పేరు లంకెల పట్టికలో కనిపిస్తే ఐగ్రాఫ్ ముందుకు పోదు, తప్పు చూపి ఆగిపోతుంది. మొదట్లో విసుగు పుట్టించిన ఆ ఆగడమే తర్వాత నాకు మంచి తనిఖీదారు అయింది.

రెండవది బలాల పొరపాటు. ఒక పంటకాలంలో ఇద్దరు రైతులు ఎన్నిసార్లు మాట్లాడుకున్నారో ఆ సంఖ్యను వెయిట్ అనే నిలువు వరుసలో రాశాను. ఎక్కువసార్లు మాట్లాడుకున్నవారు ఎక్కువ దగ్గరివారు అని నా ఉద్దేశం. కానీ సామీప్యం, మధ్యవర్తిత్వం లెక్కించేటప్పుడు ఐగ్రాఫ్ ఆ పేరుతో ఉన్న సంఖ్యను దూరంగా తీసుకుంటుంది. రోజూ కలిసే ఇద్దరు అందరికంటే దూరమైనవారుగా లెక్కకు వచ్చారు. ఏ హెచ్చరికా లేకుండా చక్కటి పట్టిక వచ్చింది. ఫలితం మాత్రం తలకిందులైంది. సంఖ్యను తిరగవేసి విలోమంగా ఇవ్వడమో, బలాలను పక్కన పెట్టమని ఆదేశించడమో చేయాలి.

మూడవది అన్నిటికంటే పెద్దది. తొందరలో లంకెల పట్టిక ఒక్కటే ఇచ్చి నెట్‌వర్క్ తయారు చేశాను. చిత్రం అందంగా వచ్చింది. రైతుల సంఖ్య లెక్కపెడితే సర్వే చేసినవారికంటే తక్కువగా ఉంది. ఎవరి పేరూ చెప్పనివారు, ఎవరూ పేరు చెప్పనివారు లంకెల పట్టికలో ఎక్కడా ఉండరు కాబట్టి కంప్యూటరుకు వారు లేనట్లే. కనిపించకుండా పోయినవారి ఫారాలు తీసి చూశాను. అందులో ఎక్కువ మంది ఆ సంవత్సరమే కౌలుకు వచ్చినవారు, భర్త వలస వెళ్లగా ఒంటరిగా సేద్యం చేస్తున్న మహిళలు. విస్తరణ సేవలు ముందుగా చేరవలసినది వారికి. రైతుల పట్టికను కూడా జతచేస్తే వారు చిత్రంలో లంకెలు లేని చుక్కలుగా తిరిగి కనిపిస్తారు. అందువల్ల ఏ కొలత లెక్కించే ముందైనా బిందువుల సంఖ్యను, సర్వే చేసిన రైతుల సంఖ్యను సరిపోల్చి చూడటం నియమంగా పెట్టుకున్నాను.

పేర్ల సేకరణలో మెలకువలు

నెట్‌వర్క్ సమాచారం సేకరించడం మామూలు నమూనా సర్వే వంటిది కాదు. గ్రామంలో పదో వంతు రైతులను యాదృచ్ఛికంగా ఎంపిక చేస్తే సగటు భూకమతం తెలుస్తుంది. సంబంధాలు మాత్రం తెలియవు. ఎందుకంటే ఎంపికైనవారు పేర్కొన్న రైతులలో అధికులు ఎంపిక కానివారై ఉంటారు. వీలైనంతవరకు ఒక చిన్న గ్రామాన్నో, ఒక కాలువ తూము కింద ఉన్న రైతులందరినో పూర్తిగా తీసుకోవాలి. గాలిపటం చిత్రంలో 8వ రైతు సర్వే రోజున ఊళ్లో లేకపోతే ఏమవుతుందో ఊహించండి. అక్కడ తగ్గేది నూరింటిలో ఒక ఫారం కాదు, శివారు పల్లెకు ఉన్న దారి.

ప్రశ్న నిర్దిష్టంగా ఉండాలి. "మీరు ఎవరిని సంప్రదిస్తారు?" అని అడిగితే మర్యాద కోసం వ్యవసాయ అధికారి పేరో, ఊరి పెద్ద పేరో చెబుతారు. "గత ఖరీఫ్‌లో మీ వరిలో కలుపు మందు ఎంచుకునే ముందు ఎవరితో మాట్లాడారు?" అని అడిగితే జరిగిన సంఘటన గుర్తుకు వస్తుంది. విత్తనానికి ఒకరిని, పురుగుమందుకు మరొకరిని, అప్పుకు ఇంకొకరిని అడుగుతారు కాబట్టి ఒక్కో విషయానికి ఒక్కో నెట్‌వర్క్ ఉంటుంది. ముగ్గురి పేర్లే చెప్పమని పరిమితి పెడితే, ఆ పరిమితిని నివేదికలో తప్పక పేర్కొనాలి.

లంకెకు దిశ ఉందని మరువరాదు. నేను ఆయనను అడుగుతాను అంటే ఆయన నన్ను అడుగుతారని అర్థం కాదు. సలహా నెట్‌వర్క్‌లో ఎంతమంది వచ్చి అడుగుతున్నారన్న లెక్కే ముఖ్యం. ఐగ్రాఫ్‌లో లోపలికి వచ్చే లంకెలను విడిగా లెక్కించమని కోరవచ్చు.

ఇంకొక ముఖ్య విషయం, ఎవరిని అడుగుతున్నాం అన్నది. మన ఫారాలలో కుటుంబ యజమాని అనే గడి ఉన్నంతకాలం సమాధానం చెప్పేది సాధారణంగా పురుషులే. విత్తనం దాచడం, కలుపు తీయడం, కూలీలను కుదర్చడం వంటి విషయాలలో మహిళల మధ్య నడిచే సంభాషణ ఆ ఫారంలోకి రాదు. ఒకే ఇంటిలో ఇద్దరినీ వేర్వేరుగా అడగడం వల్ల శ్రమ రెట్టింపు అవుతుంది. అది భరించలేకపోతే, మనం గీసినది గ్రామ నెట్‌వర్క్ కాదనీ గ్రామ పురుషుల నెట్‌వర్క్ అనీ నిజాయితీగా శీర్షిక పెట్టాలి.

గ్రామమంతా సర్వే చేసే వనరులు లేనివారికి ఒక ఊరట ఉంది. కర్ణాటకలో 213 గ్రామాలలో బెనర్జీ తదితరులు జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సమాచారాన్ని బాగా వ్యాప్తి చేసేవారు ఎవరని గ్రామస్థులనే అడిగి, వారు సూచించిన వ్యక్తులకు విషయం చెబితే, యాదృచ్ఛికంగా ఎంచుకున్నవారికి చెప్పినప్పటికంటే, ఊరి పెద్దలకు చెప్పినప్పటికంటే ఎక్కువ మందికి చేరింది. ఊరికి తన నెట్‌వర్క్ తెలుసు. మనం అడగడమే తరువాయి.

ఫలితాలను పరీక్షించడం

ఎక్కువ మంది సంప్రదించే రైతులే కొత్త పద్ధతిని ముందుగా ఆచరిస్తున్నారా అన్న ప్రశ్నకు సాధారణ సహసంబంధ పరీక్ష సరిపోదు. రైతుల పరిశీలనలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నందువల్ల, ఆ పరీక్ష చూపే సంభావ్యత విలువ నమ్మదగినది కాదు. దీనికి సులభమైన మార్గం యాదృచ్ఛిక మార్పిడి పరీక్ష. నెట్‌వర్క్‌ను అలాగే ఉంచి, ఆచరించారు, ఆచరించలేదు అన్న గుర్తులను రైతుల మధ్య కొన్ని వేలసార్లు కలిపి పంచి, ప్రతిసారీ సంబంధాన్ని లెక్కించి, నిజంగా గమనించిన విలువ వాటిలో ఎక్కడ నిలుస్తుందో చూస్తాం. 1935లో ప్రయోగ రచనపై రోనాల్డ్ ఫిషర్ వెలువరించిన గ్రంథంలోని యాదృచ్ఛికీకరణ భావనను చదివిన సేద్య విద్యార్థికి ఇది పాత మిత్రుడిలా కనిపిస్తుంది. ఆర్‌లో పది పంక్తులకు మించదు. సంబంధం ఏర్పడటానికే కారణాలను అన్వేషించాలనుకునేవారు తర్వాతి దశలో స్టాట్‌నెట్‌లోని ఎర్గమ్ నమూనాలను అభ్యసించవచ్చు.

పరీక్షలో నెగ్గిన ఫలితాన్ని కూడా జాగ్రత్తగా వ్యాఖ్యానించాలి. లంకె ఉన్న ఇద్దరు రైతులూ ఒకే పద్ధతి ఆచరిస్తే, ఒకరిని చూసి మరొకరు నేర్చుకున్నారని వెంటనే అనిపిస్తుంది. కానీ వారిద్దరి పొలాలు ఒకే నల్లరేగడిలో, ఒకే కాలువ చివర ఉండవచ్చు. ఇద్దరూ ఒకే డీలరు వద్ద అప్పు మీద మందులు తెస్తుండవచ్చు. ప్రయోగ క్షేత్రంలో భూసార వ్యత్యాసాన్ని చికిత్స ప్రభావంగా పొరబడటం వంటిదే ఇదీ. అక్కడ బ్లాకులుగా విభజించి సరిదిద్దుతాం. ఇక్కడ ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్న కాలక్రమాన్ని, నేల, నీటి వసతి, కొనుగోలు చేసే దుకాణం వంటి వివరాలను నమోదు చేయకపోతే, ప్రభావమని చెప్పే హక్కు మనకు ఉండదు.

గోప్యత

సగటు దిగుబడి పట్టికలో ఏ రైతూ గుర్తుపట్టబడరు. నెట్‌వర్క్ చిత్రంలో పేర్లు తీసివేసినా ఊరివారు గుర్తుపడతారు: ఆరు గీతలు కలిసే చుక్క ఎవరో, ఏ గీతా లేని చుక్క ఎవరో చెప్పడానికి వారికి పేరు అవసరం లేదు. పైగా ఒక రైతు మన ప్రశ్నకు సమాధానంగా మరో రైతు పేరు చెబుతున్నారు. ఆ రెండో వ్యక్తి అనుమతి మనం తీసుకోలేదు. అందువల్ల పేర్ల జాబితాను, సంకేత సంఖ్యల పట్టికను వేర్వేరు ఫైళ్లలో ఉంచాలి. గ్రామసభలో చిత్రాన్ని ప్రదర్శించరాదు. ఎవరూ తన వద్దకు రారని నలుగురిలో తెలియడం ఒక మనిషికి ఎంత నొప్పి కలిగిస్తుందో వేరే చెప్పనక్కరలేదు. ఎవరి మాటకు విలువ ఉందో చూపే పట్టిక వ్యాపార సంస్థల చేతికి చేరకుండా చూడవలసిన బాధ్యత కూడా పరిశోధకునిదే.

విద్యార్థులకు సూచన

గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో భాగంగా చివరి సంవత్సరం విద్యార్థులు గ్రామంలో నివసించే రోజులు ఈ అభ్యాసానికి చక్కని అవకాశం. ఒక తూము కింద ఉన్న ముప్పై, నలభై మంది రైతులను తీసుకుని, ఒకే నిర్దిష్ట ప్రశ్న అడిగి, రెండు పట్టికలు తయారు చేయండి. ఆర్‌లో ఎక్కించే ముందు కాగితంపై చేతితో గీయండి. ప్రదర్శన క్షేత్రానికి ఒక్క రైతును కాక, వేర్వేరు గుంపులకు చెందిన ఇద్దరు ముగ్గురిని సూచించండి. వారిలో ఒకరైనా శివారు పల్లెతో లంకె ఉన్నవారై ఉండాలి. తర్వాత ఊరివారిని అడిగి మీ ఎంపికను సరిచూసుకోండి. మీ కొలత చెప్పినది, ఊరు చెప్పినది ఒకటి కాకపోతే, ముందుగా మీ లంకెల పట్టికలో తప్పు వెతకండి.

నా పాత నివేదిక ప్రతి ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. నెట్‌వర్క్ విశ్లేషణపై తరగతి ప్రారంభించే రోజున దాన్ని విద్యార్థులకు చదివి వినిపిస్తాను. అవగాహన కొరవడింది అన్న వాక్యం వద్ద ఆగి, ఈ మాట రాసే ముందు ఎంతమంది రైతులను, ఏ ప్రశ్న అడిగి ఉండవలసింది అని ప్రశ్నిస్తాను. వారు సిద్ధం చేసే ప్రతి నివేదికలోనూ ఒక పేజీని ప్రత్యేకంగా కోరుతాను. అందులో ఎవరూ పేరు చెప్పని రైతుల సంకేత సంఖ్యలు, వారు సాగు చేసే పంట, వారిని స్వయంగా కలిసిన తేదీ ఉండాలి.